నాలుగో మూల

కత్తెర పక్కన పెట్టుకుని మూడు రోజులు ఊరికే కూర్చున్నానండీ. ఎదురుగా మా అమ్మ వెంకటగిరి చీర. లేత పసుపు, సన్నంచు. అమ్మ పోయి తొమ్మిదేళ్లయింది. అప్పట్నించీ బీరువా పై అరలోనే ఉంది. మడతల దగ్గర నలిగిపోయి, కాస్త గట్టిగా లాగితే పిగిలేలా ఉంది. కట్టుకోవడానికి పనికిరాదు, ఎవరికైనా ఇవ్వడానికి మనసొప్పదు. డల్లాస్‌లో మా అమ్మాయికి ఏడో నెల. బిడ్డకి బొంత కుట్టి తెస్తానని నేనే మాటిచ్చాను. తీరా చీర ముందర పెట్టుకున్నాక చెయ్యి ఆడలేదు. మీ బీరువాలోనూ ఇలాంటి చీర ఒకటి ఉండే ఉంటుంది కదూ?

పాత చీరే ఎందుకు, మెత్తటి కొత్త గుడ్డ తాను కొనుక్కోవచ్చుగా అని మా పక్కింటావిడ అడిగింది. పురుడు వెళ్లేదాకా బిడ్డ ఒంటికి కొత్త బట్ట తగలనిచ్చేవాళ్లా మన పెద్దవాళ్లు? కొత్త నేతబట్టలో గంజి బిగువు ఉంటుంది, పసి ఒంటికి గరగరలాడుతుంది. పాతికేళ్లు ఉతికి ఆరేసిన నూలు చీరకున్న మెత్తదనం ఏ కొట్లోనూ దొరకదండీ. పైగా అది కుంచించుకోవలసినంతా ఎప్పుడో కుంచించుకుపోయింది, రంగు దిగవలసినంతా దిగిపోయింది. నైలాను చీరలు మాత్రం బొంతలో కలపకండి. తడి పీల్చవు, పొరల మధ్య జారిపోతాయి.

ఇంకో మాట చెప్పాలి. ఎవరి మాటా అతకని వ్యవహారాన్ని 'అతుకుల బొంత' అంటారు చూశారా, పేపర్లో ఆ మాట కనిపించినప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది. బొంతలో అతుకు ఊడదు. విడివిడిగా చిరిగిపోయే గుడ్డల్ని కలిపి మరో ఇరవై ఏళ్లు నిలబెట్టే పని అది. సంస్కృతంలో కంథ అన్నారు, బెంగాలీలు కాంథా అంటారు, బీహారులో సుజని, కన్నడదేశంలో కౌది, మరాఠీవాళ్లకు గోధడి. ఇంతమంది ఆడవాళ్లు ఇన్ని తరాలుగా కూర్చుని కుట్టినదాన్ని తిట్టుమాట చేయడం నాకు నచ్చదు.

సరే, మా అమ్మాయి ఫోన్లో ఏమందంటే, "అమ్మా, ఏడాది నిండేదాకా బిడ్డ పడుకునే చోట దుప్పటి, దిండు, బొంత ఏవీ ఉంచకూడదంటారు ఇక్కడి డాక్టర్లు. ముక్కుకి అడ్డంపడితే ప్రమాదమట." మొదట మనసు చివుక్కుమంది. ఆలోచిస్తే వాళ్ల మాటే సబబు. నిద్రలో ఉన్న పసిబిడ్డ గుడ్డని పక్కకి తోసుకోలేదు కదా. అందుకని ఇది కప్పే బొంత కాదు, పరిచే బొంత అనుకున్నాం. బిడ్డ మెలకువగా ఉన్నప్పుడు, పక్కన ఎవరో ఒకరు కూర్చుని ఉండగా, నేలమీద వేస్తారు. బోర్లాపడేదీ, పాకేదీ దానిమీదే. బోర్లాపడిన రోజు బొబ్బట్లు నేనే చేస్తాను, అప్పటికి అక్కడే ఉంటాను.

నాలుగో రోజు పొద్దున్నే తలంటు పోసుకుని వచ్చి, ఇంక ఆలోచించకుండా కత్తిరించేశాను. అయిదున్నర మీటర్ల చీరని నాలుగు చేస్తే ఒక్కోటి 54 అంగుళాలు వస్తుంది. పసిబిడ్డకి అది చాలు. జరీ అంచు గుచ్చుకుంటుందని ముందే విప్పేశాను. పైనా కిందా నా మంగళగిరి చీర ముక్కలు. అది 80వ నంబరు నూలు, గట్టి నేత, ఉతుకులకి తట్టుకుంటుంది. వెంకటగిరిది 100వ నంబరు. నంబరు పెరిగేకొద్దీ పోగు సన్నమవుతుంది. అందుకే అమ్మ చీరని రెండు పొరలుగా లోపల పెట్టి, మధ్యన మా అత్తయ్యగారి తెల్లచీర వేశాను. మొత్తం అయిదు పొరలు. బలహీనమైనది లోపల ఉండాలి, బలమైనది బయట కాపు కాయాలి. ఇది అమ్మ నేర్పిన లెక్కే.

నేలమీద పరిచి, ముడత లేకుండా అరచేత్తో సాపుచేసి, నాలుగు వైపులా సన్నికల్లు, రోకలి బరువుపెట్టి ముందు పెద్దపెద్ద పచ్చికుట్లు వేశాను. తర్వాత అంచునించి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడిమికి రావడం. వరసకీ వరసకీ అంగుళం ఎడం. లెక్క వేసి చూస్తే 60 మీటర్ల పైచిలుకు కుట్టు! ముడులన్నీ పొరల మధ్యలోకి లాగేశాను, ఒక్కటి కూడా పైకి తగలకూడదు. మధ్యాహ్నం పూట రెండేసి గంటలు, నెలన్నర పట్టింది.

అంతా అయ్యాక ఒక దిగులు పట్టుకుంది. అమ్మ చీర ఎక్కడా కనిపించడం లేదే! లోపల ఉందని నాకు తెలుసు. ఆ బిడ్డకెలా తెలుస్తుంది?

అప్పుడే ఒకటి గుర్తొచ్చింది. ఉత్తర కన్నడ అడవుల్లో సిద్దీలని ఉంటారు, ఎన్నో తరాల కిందట ఆఫ్రికా నించి ఇక్కడికి చేరినవాళ్ల సంతతి. వాళ్ల ఆడవాళ్లూ పాత బట్టలతో రంగురంగుల బొంతలు కుడతారు. నాలుగు మూలలా మడత గుడ్డతో చిన్న ముక్కోణాలు పెడతారు, వాటిని ఫూలా అంటారు, పువ్వన్నమాట. ఆ పువ్వులు లేకపోతే బొంత పూర్తయినట్టు కాదు వాళ్లకి. నాకు దారి దొరికింది. అమ్మ చీర చెంగు నించి నాలుగు ముక్కలు తీశాను. బిడ్డ నోట్లో పెట్టుకుని లాగినా ఊడకుండా, మూల మీదికే అణిచిపెట్టి రెండేసి వరసలు కుట్టాను. మూలల్లో లేత పసుపు పువ్వులు.

మూడే కుట్టాను. మా అమ్మాయి సూది పట్టి ఎన్నాళ్లయిందో. అయినా నాలుగోది తన చేత కుట్టిస్తాను. ముక్క మడిచి బొంతలో పెట్టాను. సూదీ, దారం ఉండా పెద్ద పెట్టెలో సర్దాను. బొంత మాత్రం చేతిసంచిలో, నాతోనే.