ఎన్ని? ఎంత?

పిల్లల ఇంగ్లీషు గ్రామర్‌లో 'మెనీ', 'మచ్' పాఠం రాగానే తెలుగు మీడియంలో చదువుకున్న అమ్మలం చాలామందిమి "నాన్నని అడుగు" అనేస్తాం. అమ్మకి ఇంగ్లీషు రాదని పిల్లలు అనుకోవడం మొదలయ్యేది అక్కడే. నిజానికి ఆ పాఠం మన వంటింట్లో రోజూ నడిచేదే. గుడ్లు ఎన్ని? అది మెనీ. ఉప్పు ఎంత? అది మచ్.

మా అమ్మాయికి ఇలాగే చెప్పాను. చిక్కల్లా పాల దగ్గరే వచ్చింది. పాలు, నీళ్ళు, డబ్బులు మనకి బహువచనాలు. "నీళ్ళు ఎన్ని పోయాలి?" అని కూడా అడుగుతాం. ఇంగ్లీషులో మిల్క్, వాటర్, మనీ మూడూ మచ్ కిందికే వస్తాయి. అందుకని దానికో గుర్తు చెప్పాను: గ్లాసో గరిటో లేకుండా ఒకటి, రెండు అని లెక్కపెట్టగలిగితే మెనీ, లేకపోతే మచ్. పాలకి మచ్, పాల ప్యాకెట్లకి మెనీ. డబ్బు దగ్గర మాత్రం జాగ్రత్త: రూపాయలకి మెనీ, మనీకి మచ్.

లగేజ్, ఫర్నిచర్, హోమ్‌వర్క్ లాంటివి ఈ గుర్తుకి లొంగవు, కంఠతా పట్టాల్సిందే. అడ్వైస్ కూడా అంతే. రోజుకి ఎన్ని సలహాలిచ్చినా ఇంగ్లీషులో అవి లెక్కలోకి రావట! అది వినగానే మా పిల్ల తెగ సంబరపడింది.