పల్లకిలో కాపురమా?

పులికాట్ సరస్సుకూ, నేలపట్టుకూ పక్షుల ఛాయాచిత్రాల కోసం తిరిగే నన్ను, ఎటువంటి కెమెరా సంచి కొనవలెనని కొందరు బ్లాగ్మిత్రులు అడిగారు.

వీపువైపు తెరుచుకొనేది మేలు. బురదలో దించినా ఆ మట్టి మన చొక్కాకు అంటదు. నడుముపట్టీ ఉంటే భుజాలకు భారం తగ్గుతుంది. పెద్దక్షరాలతో కంపెనీ పేరు మెరిసే సంచి దొంగలకు ఆహ్వానపత్రిక! వానతొడుగు తప్పనిసరి.

అయితే వానకంటె తేమ గడుసు శత్రువు. మా మిత్రులొకరి లెన్సు జడివానకు తట్టుకొని నిలిచింది. ఆపైన బీరువాలో, తడి ఆరని సంచిలో, బూజుపట్టి చెడింది. గాజుపైని పూతను బూజు తినివేస్తే ఎంత తుడిచినా ఆ మచ్చ పోదు. సంచిలోని మెత్తలు తేమను పీల్చి దాచుకుంటాయి. తొడుగు దానిని బయటికి పోనీయదు. కనుక ఇల్లు చేరగానే సంచిని ఖాళీచేసి, గాలికి ఆరబెట్టండి. కెమెరాను, లెన్సులను పొడిగా తుడిచి, గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. రంగు మారే గుళికలయితే, మారినప్పుడు వేడిచేసి మళ్ళీ వాడుకోవచ్చు. ఏసీ కారు దిగిన వెంటనే మాత్రం జిప్పు తీయకండి. చల్లని గాజుపై ఆవిరి పేరుకొంటుంది. కాసేపు ఆగండి.

నా లెన్సు మా అబ్బాయి తొలిజీతపు కానుక. దానికి సంచి పల్లకి వంటిది. పల్లకిలో ఊరేగవచ్చును గాని, కాపురం ఉండలేము కదా!