పన్ను నోటీసుకు జవాబు

మా ఏజెన్సీలో కాంట్రాక్టు పంతుళ్ల కొలువుకు వేసవి గండం. ఏప్రిల్‌లో ఆశ్రమ పాఠశాల మూస్తే జీతమూ ఆగిపోతుంది. జూన్‌లో తిరిగి పిలుపు రాకపోయినా, పంచాయతీ నుంచి ఇంటి పన్ను నోటీసు మాత్రం వస్తుంది.

అప్పుడు చాలామంది కార్యదర్శి ఎదురైతే పక్కదారి పడతారు. బాకీ ఉందన్న సిగ్గుతో గ్రామసభకూ రారు. అసలు నష్టం అక్కడే. 1996 పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో పేదరిక నిర్మూలన పథకాలకు లబ్ధిదారుల్ని గుర్తించాల్సింది గ్రామసభే. పంచాయతీ నిధుల వాడకాన్ని ధ్రువీకరించాల్సిందీ అదే. పని పోయిన మనిషి సభకు రాకపోతే ఆయన పేరు ఎవరు చెప్తారు?

నిరుడు మా తోటి పంతులొకాయన కోసం మేం నలుగురం కూర్చుని అర్జీ రాశాం. ఇంటి నంబరు, బాకీ ఎంత, జీతం ఏ నెల నుంచి ఆగింది, అన్నీ పెట్టాం. “కట్టనని కాదు, కందులు అమ్మాక రెండు వాయిదాల్లో కడతాను” అన్నదే అందులో ముఖ్యమైన మాట. రెండు ప్రతులు రాసి, ఒకదాని మీద తేదీ, సంతకం, ముద్ర వేయించుకున్నాం. పన్ను మాఫీ కాలేదు, గడువు దొరికింది. తర్వాతి సభకు ఆయన తలెత్తుకుని వచ్చారు.

నోటీసు తెలుగులో వస్తుంది. పెద్దలకు దాన్ని ఇంటి భాషలో విడమరచాల్సింది చదువుకున్న మనమే. పిల్లలచేత సెలవు చీటీ రాయించే ఉపాధ్యాయులం, ఈ అర్జీ కూడా రాయిద్దాం. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు అడగడం, సభలో దాని లెక్క అడగడం నేర్పుదాం.