చలిసీమ ఓడయాత్ర – మూటముల్లె

ప్రయాణమునకు దినము నిర్ణయించువారు ఎవరైనను, మూట గట్టువారు ఇంటి యాడువారే. ఎవరికి ఏ వేళ ఏది కావలయునో ఇల్లాలికి దెలిసినంతగా వేరొకరికి దెలియదు. కాశికో రామేశ్వరమునకో అయినచో పెద్దలు ఏర్పఱచిన పద్ధతి యొకటి కలదు. నేడు బిడ్డలను జూచుటకై అమెరికాకు బోవు మనవారు పలువురు సియాటిల్ రేవున ఓడ యెక్కి అలాస్కాకు యాత్ర చేయుచున్నారు. ఈ చలిసీమ యాత్రకు మాత్రము మనకు పెద్దల పద్ధతి లేదు.

ఆ యాత్ర చేసి వచ్చిన వృద్ధ ముత్తైదువలను "ఏమి చూచితి రమ్మా?" అని మే మడుగగా, "చలికి వెలుపలికి రాలేదు తల్లీ, గది అద్దములోనుండి చూచితిమి" అని చెప్పినవారే యెక్కువ. వేల మైళ్లు పోయి, జీవితములో ఒక్కసారి లభించు దర్శనమును అద్దము చాటున ముగించుకొనుట చలి దోషము కాదు, మూట దోషము. అందుచే, అత్తగారితో గూడ జూన్ మాసమున ఆ యాత్ర చేసి మేము గ్రహించిన దానిని సోదరీమణులకు విన్నవించుచున్నాము.

అలాస్కా యనగానే అంతయు మంచుగడ్డ యని తలంపరాదు. యాత్రికుల ఓడలు ఏప్రిలు కడపటినుండి అక్టోబరు వఱకే తిరుగును. అవి పోవునది ఆగ్నేయభాగపు సముద్రతీరము. అచటి జూనో పట్టణమున జూలై మాసపు పగలు సెంటిగ్రేడు 17, 18 డిగ్రీలును, రాత్రి 10 డిగ్రీలును ఉండును. మన అరకులోయలో పుష్యమాసపు తెల్లవాఱుజాము ఇంతకంటెను చల్లన. అయినను అచట శత్రువులు రెండు కలవు: వాన, గాలి. కెచికాన్ అను రేవున ఏటికి 140 అంగుళములకు పైబడి వాన కురియును. మన విశాఖపట్టణమున కురియునది సుమారు 40 అంగుళములే. ఇక గాలి సంగతి. ఓడ గంటకు 37 కిలోమీటర్ల వేగమున బోవుచుండగా, గాలి నిలిచియున్న దినమునను పైతట్టున నిలిచినవారికి ఆ వేగముతో గాలి ముఖమునకు గొట్టును. 5 డిగ్రీల చల్లదనము ఆ గాలిలో నీరు గడ్డకట్టు చలివలె తోచును.

వస్త్రము వేడిని బుట్టింపదు. దేహపు వేడిని కాచును. నిజమునకు కాచునది నూలును గాదు, ఉన్నియు గాదు. పోగుల నడుమ జిక్కి కదలక నిలిచిన గాలి. కనుక ఒక దళసరి కోటుకంటె ఒకదానిపై నొకటి ధరించు మూడు పలుచని వస్త్రములు మేలు. వేడి తోచినపుడు ఒకటి తీయవచ్చును, చలి తోచినపుడు వేయవచ్చును. నూలుబట్ట తడిసినచో గాలి యుండవలసిన చోట నీరు చేరి దేహపు వేడిని లాగివేయును. ఉన్ని యట్లు కాదు. తన బరువులో మూడవవంతు వఱకు తేమను లోపల నిముడ్చుకొనియు వెచ్చగా నుండును. మన గొఱ్ఱెల కాపరి జడివానలో గొంగళి కప్పుకొని మంద వెంట దిరుగుట ఈ మర్మము నెఱిగియే.

కావున ఒంటికి దగులు మొదటి వస్త్రము సన్నని ఉన్నిది గావలెను. నూలు రవికెకు బదులు నిండుచేతుల ఉన్ని చొక్కాయి, నూలు పావడకు బదులు కాళ్లనంటి చీలమండ వఱకు వచ్చు ఉన్ని లాగు ధరింపవలెను. ఇవి మనిషికి రెండేసి జతలు చాలును. దానిపై అల్లిక స్వెట్టరు ఒకటి. అన్నిటికి పైన, వాన దూఱనిది, తలకు టోపి గలది, మోకాళ్ల వఱకు దిగునది యగు వానకోటు. గొడుగు నమ్మదగినది కాదు; ఓడగాలికి తిరుగబడును.

ఇక చీర విడువవలెనా? విడువ నక్కఱలేదు, కాని కట్టు మార్చవలెను. కుచ్చెళ్లు గాలి కెగయును. తడిమెట్లపై కాలికి జుట్టుకొని పడద్రోయును. మా అత్తగారు తమ యత్తగారి గోచికట్టును జ్ఞప్తికి దెచ్చుకొని, తేలికగా ఆఱు కృత్రిమపట్టు చీరను అట్లు కట్టిరి. క్రింద ఉన్ని లాగు, పైన వానకోటు. అడుగు చక్కగా సాగెను. శాలువలు భోజనశాలకు దగును గాని పైతట్టునకు దగవు. మెడకు జుట్టి కొనలు లోనికి దోపుకొను ఉన్నిపట్టియే మేలు.

ఈ వస్త్రబాధ మనకొక్కరికే కలిగినది కాదు. ఓడలు ఆగు రేవులలో స్కాగ్వే యొకటి. 1896లో కెనడాలోని క్లాండైకు ప్రాంతమున బంగారము దొరకగా, 1897, 1898 సంవత్సరములలో వేలకొలది జనులు ఈ తీరమున దిగి కొండలు దాటిరి. ఏడాదికి సరిపడు ఆహారము లేనివారిని కెనడా రక్షకభటులు సరిహద్దు దాటనీయలేదు. తక్కిన సామగ్రితో గూడ అది మనిషికి ఇంచుమించు ఒక టన్ను బరువగుచుండెను! తరువాత మార్తా బ్లాక్ అని పేరొందిన యిల్లాలు 1898లో గర్భవతియై యుండియు చిల్కూట్ కనుమను కాలినడకను దాటెను. ఎత్తైన కంఠపట్టియు, బిగువు కవచమును, పొడవాటి పావడయు తన్ను ఆ దారిలో ఎంత బాధించినవో ఆమె స్వీయచరిత్రలో జెప్పుకొనెను. ఆమెయే 1935లో కెనడా శాసనసభ కెన్నికయ్యెను. ఏ దేశమునందైనను స్త్రీని ఆపినది కొండకంటె కట్టుబట్టయే యని మాకు తోచినది.

పాదముల సంగతి మఱువరాదు. వాన జొరని మూసిన బూట్లు కావలెను. మెట్టెలు ధరించువారు వ్రేళ్లవద్ద వెడల్పు గలవానిని, ఉన్ని మేజోళ్లతో సహా తొడిగి చూచి కొనవలెను. యాత్రకు ముందు పదిదినములు ఇంటిలోనే వానితో నడచిన మంచిది. బిగుతు మేజోళ్లు నెత్తురు నాపి చలిని హెచ్చించును. ఒక జత తడిసినచో మఱునాటికి ఆఱదు గనుక రెండవ జత యుండవలెను. కొప్పును చెవులను గప్పు ఉన్నిటోపి, చేతితొడుగులు తప్పనిసరి. జుట్టునకు కొబ్బరినూనె వాడువారు వెడల్పు మూతి డబ్బాలో దెచ్చుకొనవలెను. 24 డిగ్రీలకు దిగువ అది పేరుకొనును గనుక సీసానుండి రాదు. కడపటి జూన్‌లో పగలు 18 గంటలుండును. వెలుతురులో నిద్రపట్టనివారికి కంటిపట్టి యవసరము.

ఓడలో అగ్నిభయము మెండు. ఇస్త్రీపెట్టె, నీరు కాచు తీగ, అన్నము వండు విద్యుత్పాత్ర, క్రొవ్వొత్తి, అగరువత్తి – వీనిని గదిలో ననుమతింపరు. దీపారాధన నియమము గలవారు ఈ సంగతి ముందే యెఱిగి మనస్సు సమాధానపఱచుకొనవలెను. మేము చేతులు మోడ్చి నమస్కరించుటతో దృప్తి జెందితిమి. ఇంట వండిన పదార్థములను సాధారణముగా రానీయరు. ముద్ర చెదరని అంగడి పొట్లములను రానిత్తురు. శాకాహార నియమమును టిక్కెట్టు కొనునపుడే తెలుపవలెను. ఓడ కొంతదూరము తెఱపి సముద్రమున బోవును గనుక, తలతిప్పుటకు తగిన మందును వైద్యుని అడిగి తెచ్చుకొనవలెను.

పెద్దపెట్టెలను రేవున కూలీలకు అప్పగింపగా అవి గది చేరుటకు సాయంకాలమగును. ఆ పూటకు గావలసిన మందులు, ఒక స్వెట్టరు, ముఖ్యపత్రములు చేతిసంచిలో నుండవలెను. కడపటి రాత్రి పెట్టెలను గది వెలుపల నుంచుదురు. మఱునాటి యుదయమునకు వలయు బట్టలను ముందే తీసి పెట్టుకొనవలెను. పత్రములలో నొక సూక్ష్మము కలదు. 1886 నాటి అమెరికా చట్టము ననుసరించి, విదేశపు ఓడ అమెరికా రేవునుండి బయలుదేఱి మరల అచటికే చేరవలెనన్న నడుమ పరదేశపు రేవును తాకవలెను. అందుచే సియాటిల్ ఓడలు కెనడాలోని విక్టోరియా వంటి రేవున ఆగును. భారతదేశపు పాస్‌పోర్టు గలవారు కెనడా వీసాను ముందుగానే సంపాదించుకొనవలెను. అమెరికాలో మరల బ్రవేశించుటకు తమ వీసా చెల్లునో లేదో కూడ చూచుకొనవలెను.

ఇంత సన్నాహమును గ్లేషియర్ బే యను అఖాతమున సార్థకమగును. దినమునకు రెండు పెద్ద ఓడలకే అచట ననుమతి. 1794లో నావికులు చూచునప్పటికి ఆ యఖాతమంతయు మంచుతో నిండియుండెను. 1879లో జాన్ మ్యూర్ వచ్చునప్పటికి మంచు 40 మైళ్లకు పైగా వెనుకకు దగ్గియుండెను. మార్జరీ యను హిమనదము, అనగా మంచే నదియై కొండనుండి జాఱునది, నీటిపై సుమారు 250 అడుగుల గోడవలె నిలిచియున్నది. ఓడ దాని యెదుట ఆగెను. గోడనుండి ఒక పెళ్ల విఱిగి నీట బడుట ముందు కనబడెను. ఉఱుము వంటి ధ్వని కొంత తడవునకు వినబడెను. మా యత్తగారు రెండుగంటలు కటకటా పట్టుకొని నిలిచి, "అమ్మాయీ, మంచు కూడ మాటలాడునే!" యనిరి. లోనికి రమ్మని మే మెంత పిలిచినను రాలేదు.

ఇంటికి వచ్చిన పిమ్మట ఉన్నిబట్టలను చల్లనీటిలో మెల్లగా నుతికి, నీడ నాఱవేసి, ఎండిన వేపాకుతో పెట్టెలో భద్రపఱుపవలెను. మన యూళ్లలో వానితో పని లేదు గనుక, బిడ్డలయొద్దకు బోవు తరువాతి యింటివారికి ఎరవిత్తుము గాక. ఒకరు కొన్న ఉన్నిబట్టలు పదియిండ్ల తల్లులను పైతట్టున నిలుపగలవు.