కుంపటి దగ్గరి లోహశాస్త్రం

పెళ్లి బంగారం అనగానే జమ్మలమడుగు వాళ్లకైనా పులివెందుల వాళ్లకైనా ప్రొద్దుటూరే గుర్తుకొస్తుంది. అంగళ్లలో అద్దాల వెనక మెరిసే సొమ్ములను అందరూ చూస్తారు. కుంపటి, ఊదుగొట్టం, పట్టకారు, కమ్మచ్చు ఉన్న ఇరుకు గది మాత్రం కొనేవాళ్ల కంట పడదు. అసలు విద్య ఉన్నది అక్కడే.

కమ్మచ్చు అంటే వరసగా చిన్నవవుతూ పోయే బెజ్జాలున్న ఉక్కు పలక. బంగారు కడ్డీ కొనను సన్నగా అరగదీసి, బెజ్జంలో దూర్చి, పట్టకారుతో లాగితే తీగ సాగుతుంది. కొన్ని బెజ్జాలు దాటేసరికి బిరుసెక్కుతుంది. ఇంకా లాగితే తెగిపోతుంది. ఎక్కడ ఆగాలో పనివాడి చేతికి తెలుసు. ఆగి, తీగను చుట్టగా చుట్టి, ఎర్రగా కాల్చి చల్లారుస్తాడు. తీగ మళ్లీ మెత్తనవుతుంది. కమ్మరి కొలిమిలో కాలిన ఉక్కును నీళ్లలో ముంచితే గట్టిపడుతుంది. బంగారం, రాగి, ఇత్తడి ముంచినా మెత్తగానే ఉంటాయి. లాగుడుకూ సుత్తి దెబ్బకూ లోహంలోని స్ఫటికాలు నలిగి, వాటిలోని పరమాణువుల వరసలు చెదిరి చిక్కుపడతాయి. బిరుసుకు అదే కారణం. తగినంత వేడి తగిలితే నలిగిన వాటి చోట కొత్త స్ఫటికాలు పుడతాయి. దీన్నే రీక్రిస్టలైజేషన్ అంటారు.

రైఫిల్ తూటా గుల్లకూ ఇదే ధర్మం. అది నూటికి 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు కలిసిన ఇత్తడి. రేకును గిన్నెలా వంచి, సాగదీసి, మధ్యమధ్య కాల్చి మెత్తబరుస్తూ దాన్ని తయారుచేస్తారు. తూటా పేలినప్పుడు లోపలి పీడనం మామూలు గాలి పీడనానికి సుమారు 4,000 రెట్లు ఉంటుంది. గుల్ల ఉబ్బి తుపాకి గోడలకు అతుక్కుంటుంది, వాయువు వెనక్కి చిమ్మకుండా ఆపుతుంది. ఆ తర్వాత కొద్దిగా ముడుచుకుంటుంది కానీ, పాత కొలతకు రాదు. మళ్లీ మందు నింపాలంటే ఉక్కు డైలోకి నెట్టి బిగించాలి. ఆ నెట్టుడుకు ఇత్తడి మెడవైపు జరిగి గుల్ల పొడుగవుతుంది.

ఉదాహరణకు .308 విన్చెస్టర్ అనే రైఫిల్ తూటా గుల్ల పొడవు 51.18 మిల్లీమీటర్లు దాటకూడదు. దాటితే మెడ అంచు తుపాకిలో ఇరుక్కుని గుండును నొక్కిపడుతుంది, పీడనం ప్రమాదకరంగా పెరుగుతుంది. అందుకే 50.93కు కత్తిరిస్తారు. కత్తిరించిన ఆ ఇత్తడి ఊరికే రాలేదు, గుల్ల గోడ పలచబడి వచ్చింది. అడుగుకు కాస్త పైన గుల్ల చుట్టూ మెరిసే గీత కనబడిందంటే దాని ఆయుష్షు తీరినట్టే. గుల్ల ఎక్కువ కాలం మన్నాలంటే కత్తెర పదును కన్నా డై సర్దుబాటు ముఖ్యం. బోల్టు రైఫిల్‌కైతే గుల్ల భుజాన్ని, అంటే మెడ కింది వాలు భాగాన్ని, 0.05 మిల్లీమీటర్లు వెనక్కి జరిపితే చాలు, అంతకుమించి నలిపితే ఇత్తడికి చేటు. మెడ బిరుసెక్కి పగలకుండా అప్పుడప్పుడూ వేడి చూపిస్తారు, అదీ మెడకూ భుజానికీ మాత్రమే. అడుగు గట్టిగా ఉండాలి. అక్కడికి వేడి పాకి మెత్తబడిన గుల్లను ఇక వాడకూడదు.

మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. ఇది సరదాకు ఇంట్లో చేసి చూసే పని కాదు.

బిరుసెక్కిన ఇత్తడి ఎంత దూరం తెస్తుందో చెప్పే కథ మన దేశంలోనే జరిగింది. 19వ శతాబ్దంలో బ్రిటిష్ సైన్యం వానాకాలమంతా తూటాలను గుర్రపు సాలల్లో నిల్వ చేసింది. వానలు వెలిసి చూస్తే, ఎవరూ ముట్టని గుల్లలు మెడల దగ్గర పగిలి ఉన్నాయి. కారణం 1921 దాకా స్పష్టం కాలేదు. గుర్రాల మూత్రం నుంచి లేచిన అమ్మోనియా, తయారీలో ఇత్తడి లోపల మిగిలిపోయిన బిగువు, రెండూ కలిసి చేసిన పని అది. సాగదీశాక వేడి చూపించి ఆ బిగువును వదిలించడమే దానికి విరుగుడు.

జమ్మలమడుగు పక్కనున్న గండికోటలో మరో పాఠం ఉంది. కోటను పట్టిన గోల్కొండ సేనాని మీర్ జుమ్లా గుళ్లలోని రాగి విగ్రహాలు పోగుచేయించి, ఫిరంగులు పోయమని మాయే అనే ఫ్రెంచివాడికి అప్పగించాడు. 1652లో అక్కడికి వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియర్ రాసినదాని ప్రకారం ఒక్క ఫిరంగీ పనికొచ్చేలా రాలేదు, పోసినది పగిలింది. రాగి రాశులు, పెద్ద నిప్పు ఉంటే చాలదు, లోహం మాట వినే చేయి కావాలి.

అలాంటి చేతులు ప్రొద్దుటూరులో ఉన్నాయి. అదే ఊళ్లో యోగి వేమన విశ్వవిద్యాలయపు ఇంజనీరింగ్ కళాశాల లోహశాస్త్రం నేర్పుతోంది. అక్కడి అధ్యాపకులకు ఒక మనవి: రీక్రిస్టలైజేషన్ పాఠం చెప్పే వారంలో పిల్లలను ఒక పూట కంసాలి దగ్గరికి తీసుకెళ్లండి. కమ్మచ్చులో రాగి తీగ లాగనివ్వండి, బిరుసు వాళ్ల చేతికే తెలియనివ్వండి. ఆ పూటకు కంసాలికి కూడా అతిథి అధ్యాపకుడికిచ్చే గౌరవ వేతనం ఇవ్వండి.