డిలీట్ కాని ఫైళ్లు

మా పెన్‌డ్రైవ్‌లో నాలుగు ఫైళ్లు మొండికేశాయండీ. పేర్లేమో పిచ్చి గీతలు, సైజేమో డ్రైవ్ కంటే ఎక్కువ! ఎన్నిసార్లు డిలీట్ కొట్టినా పోవు. “ఫార్మాట్ కొట్టెయ్ నాన్నా” అన్నాడు మావాడు. కొట్టేద్దును గానీ, మా నాన్న అరక కట్టిన ఆఖరి ఫోటో అందులోనే ఉండాలి. కనబడట్లేదు.

తప్పు నాదే. కాపీ అవుతుండగానే లాగేశా. అలా లాగితే ఏ ఫైలు ఎక్కడుందో రాసుకునే పట్టిక చెడుతుంది. అడంగల్‌లో తప్పు పడితే చేను ఉండీ లేనట్టే కదా, ఇదీ అంతే.

కనిపించేవన్నీ ముందు కంప్యూటర్‌లోకి తీసుకుని, చెక్‌డిస్క్ నడిపా. మొండి ఫైళ్లు పోయాయి. ఫౌండ్ అనే దాగున్న ఫోల్డర్‌లో పేరు పోగొట్టుకున్న ముక్కలు మిగిలాయి. ఒకదాని చివర సీహెచ్‌కే తీసేసి, జేపీజీ అని పెట్టి తెరిచా.

నాన్న ముఖం, తలపాగా, ఎద్దుల కొమ్ములు వచ్చాయి. కింద సగం బూడిద రంగే. దున్నిన చాలు రాలేదు.