ఓటమి నేర్పిన విద్య

ఓడుచున్న జట్టు మొట్టమొదట శిక్షకుని వెడలఁగొట్టఁ జూచును. ఇది తొందరపాటని మా యభిప్రాయము. అమెరికా ఫుట్‌బాలులో న్యూయార్కు జెయింట్సు జట్టును జూడుఁడు. 2006వ సంవత్సరమునఁ గఠినుఁడగు శిక్షకుఁడు టామ్ కాఫ్లిన్‌ను తొలఁగింపుఁడని కేకలు పుట్టినను యజమానులు నిలిపిరి. ఆయనయుఁ దన పద్ధతి మార్చుకొని, మఱుసటి యేఁడు ఆటగాండ్రలోఁ బెద్దలను సభగాఁ గూర్చి వారి మాట వినెను. తొలి రెండు పోటీలు పోయినను జట్టు చెదరలేదు. డిసెంబరు 29వ తేదీని, గెలిచినను ఓడినను దమ స్థానము మాఱని పోటీలో, అజేయులగు న్యూ ఇంగ్లండు పేట్రియట్సుతోఁ బూర్ణబలముతోఁ బోరి 35-38 పాయింట్లతో నోడిరి. పిదప ప్లేఆఫులలోఁ బరుల మైదానములందు మూఁడు మాఱులు గెలిచి, 2008 ఫిబ్రవరి 3వ తేదీని తుదిపోరున ఆ పేట్రియట్సునే 17-14 పాయింట్లతో జయించిరి. వ్యర్థమనిపించిన యా పోరాటమే వారికి ధైర్యమైనదని మా తలఁపు. మార్కులు లేని పరీక్షలో శ్రద్ధ దాఁచుకొను విద్యార్థికి అసలు పరీక్షనాఁడు అది వెదకినను దొరకదు.